మార్తా తెచ్చిన గులాబి

ఏప్రిల్ 23

స్పెయిన్ నుంచి వచ్చి మా ఇంట్ల నేత నేర్చుకుంటున్న మార్తా, పొద్దున్నే నల్గొండ పోయి గులాబీలు తెచ్చింది. ఇయ్యాల వాళ్ళ బార్సిలోనాల పండుగట. ఆడోళ్ళకు గులాబి, మొగోళ్ళకు పుస్తకం ఇస్తరట. మా ఆయనకు పుస్తకం, నాకు పువ్వు ఇచ్చింది. ఇంకో పువ్వు తీస్కపోయి అత్తమ్మ చేతుల పెట్టింది.

పదేండ్ల కింద మామ పోయినంక అత్తమ్మకు ఎవ్వరూ పువ్వు ఇయ్యలే. గా పిల్లకేం తెలుసు? అత్తమ్మ మాత్రం "సల్లగుండు బిడ్డా" అని తల నిమిరి తీస్కుంది.

మాపటికి చాయ్ ఇద్దామని పోతే అత్తమ్మ మగ్గం మీద నేస్తాంది. గులాబి కొప్పుల ఉంది. నన్ను చూసి తియ్యబోయింది.

"ఉండనియ్యి అత్తమ్మా" అన్న.

రేపు మల్లెలు ఒక మూర ఎక్కువ తీసుకోవాలె. పదేండ్ల సంది నా ఒక్కదానికే కొనుక్కుంటున్న.