వసంత ముక్కుపుడక

రుక్మిణీ,

ఈ పొద్దు మదురై ఆసుపత్రిలో మన వసంతకు ఆపరేషన్. కంటి పక్కన సైనస్‌లో ఎముక గడ్డ పెరిగింది. క్యాన్సర్ కాదు, ముక్కులోంచే కెమెరా పెట్టి తీస్తామన్నారు. కంటికి దెబ్బ తగలొచ్చని కూడా చెప్పి నాతో సంతకం పెట్టించుకున్నారు.

నువ్వు పోయే ముందు దానికి పెట్టిన ముక్కుపుడక తీయమంది నర్సు. మర బిగిసిపోయింది. నా వేళ్లు రెండుసార్లు జారాయి.

"కత్తి పట్టేది నువ్వు కాదులే నాయనా," అని నవ్వింది వసంత.

పుడక ఊడొచ్చింది. అప్పుడు నవ్వు ఆపి, "ఇట్లా తిరుగు," అని నా ముఖం కాసేపు చూసింది.

రెండు గంటలు పడుతుందన్నారు, మూడు గంటలు దాటిపోయాయి. మధ్యలో ఏదైనా తేడా వస్తేనే పిలుస్తామన్నారు. ఆపరేషన్ గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా, నా పేరు పిలవకుండా ఉంటే బాగుండు అనుకుంటున్నాను.