నాయన్ని బస్సెక్కనీయొద్దన్నా

నెల్లూరు, 18-9-62

జయరామన్నకు నమస్కారం. నన్ను ఇంటికి తీసుకుపొమ్మని శనివారం రాసిన కార్డు చూసి నాయన బయల్దేరతాడేమో, బస్సెక్కనీయొద్దు. నర్సు ట్రైనింగు మానను. ఈ కింది సంగతి అమ్మకు చదివి వినిపించొద్దు.

పిల్లల వార్డులో అంగిలి చీలిన పసివాడున్నాడు. పాలు చప్పరించలేడు. ముక్కులోంచి కడుపులోకి సన్న రబ్బరు గొట్టం దించి పోయాలి. గొట్టం పైకొన నీళ్లలో పెడితే బుడగలు రాకూడదు. వస్తే గొట్టం ఊపిరితిత్తుల్లోకి పోయినట్టు. పుస్తకంలోది ఇంగ్లీషులో గడగడా అప్పజెప్తాను, చెయ్యి మాత్రం వినదు. శుక్రవారం నేను వేస్తే బుడగలొచ్చాయి, బిడ్డ పెదాలు నల్లబడ్డాయి. వెంటనే లాగేశాను కాబట్టి తేరుకున్నాడు.

నిన్న సిస్టర్ మళ్లీ నన్నే వేయమంది. నేను వెనకాడుతుంటే వాడి తల్లి పోలేరమ్మ నవ్వింది. బోగోలు దగ్గర చేపలమ్మే మనిషి. "ఏం పాపా, నీకే ఎవురన్నా పాలు పట్టాలమ్మా! ఇంటికి బొయ్యాక వీడికి పొయ్యాల్సింది నేను. నీకు రాకుంటే నాకెవురు నేర్పిస్తారు? కానియ్, నేను పట్టుకుంటా" అని వాడి తల కదలకుండా పట్టుకుంది. ఈసారి బుడగల్లేవు.

మనుబోలు మామ వస్తే నా తెల్లచీర, కుంకుడుకాయలు పంపు. ఎర్రావు ఈనిందా? అమ్మ మోకాలెట్లుంది?

ఈ శుక్రవారం సిస్టర్ ఎదుట నేను చెప్తుంటే పోలేరమ్మ గొట్టం వేయాలి. సరిగ్గా వేస్తేనే వాళ్లను ఇంటికి పంపుతారు. ఆ పొద్దున మాలకొండ సామికి దణ్ణం పెట్టమని అమ్మకు చెప్పు. ఎందుకని అడిగితే, పరీక్ష అను. పిల్లోడి పేరు మాల్యాద్రి, నువ్వు మటుకు వాడి పేరుతో మొక్కు.

నీ చెల్లెలు
కస్తూరి