మోటారుకు సీటు దొరికింది

బావగారికి,

కాళ్లు నేల మీద ఆనకుండా తిరుగుతున్న మీ బావమరిది నమస్కారాలు.

ఫోన్‌లో మాట్లాడుకుంటే మన షెడ్డులో లేత్ మిషను చప్పుడుకు సగం వినపడదు, మిగతా సగం పోట్లాట అవుతుంది. అందుకే కంప్యూటర్లో ఉత్తరం రాస్తున్నాను. ఈ దేశం రాజధానిలో క్షేమంగా దిగాను. హోటలు గది ఇరుకు. మంచం మీద మన శాంపిల్ నీళ్ల మోటారు, కుర్చీలో నేను. కింద పెడితే దాని రంగు గీసుకుపోతుందని.

తోటల పెద్దాయనతో మాట్లాడాను. "కాగితాలు చూపిస్తే లాభం లేదు. మా వాగు నీళ్లు కొండ మీది తోటకు ఎక్కించి చూపించండి" అన్నాడు. ఆ కొండకు సరైన దారి లేదు. రేపు డొమెస్టిక్ విమానంలో రేవు పట్నం, అక్కడ దిగి ఇంకో డొమెస్టిక్ విమానంలో కొండ. ఈ ఆర్డరు రాకపోతే మన రెండో షెడ్డుకు తాళమే అని నాకూ తెలుసు. బెంగ పడకండి. ఆర్డరు నా జేబులో ఉన్నట్టే.

ఎగరబోతున్న
మీ బావమరిది

తా.క.: జేబు చిరిగింది. కొత్త చొక్కా. అక్కకు చెప్పకండి.

*

చిరంజీవి బావమరిదికి,

నేల మీదే ఉన్న బావ దీవెనలు.

డొమెస్టిక్ అంటే దేశవాళీ అని మన గుమాస్తా చెప్పాడు. దేశవాళీ కోడి తెలుసు, దేశవాళీ ఆవు తెలుసు. దేశవాళీ విమానం ఏమిట్రా? ఎవరింట్లో బిగించారు దాని బోల్టులు? మనం మోటారునే నాలుగుసార్లు పరీక్షించి గాని గడప దాటించం!

అసలు నేనే రావలసింది. వీసా కూడా తీసుకున్నాను. పని ఒత్తిడి వల్ల ఆగిపోయాను. మోటారును మాత్రం కంటికి రెప్పలా చూసుకో. అది పోతే మనం పోయినట్టే.

ఇట్లు, షెడ్డు వదలలేని
మీ బావ

తా.క.: తమ్ముడూ, నేను అక్కని. ఒత్తిడీ లేదు, పాడూ లేదు. మీ బావ స్టూలు ఎక్కితేనే కళ్లు మూసుకుంటారు. ఇంట్లో బల్బులు మార్చేది నేనే. జేబు సంగతి చదివాను.

*

బావా,

రేవు పట్నం నుంచి హడావిడి నమస్కారాలు. చార్జింగు అయిపోవస్తోంది, రెండు ముక్కల్లో రాస్తున్నాను.

మోటారు పోయింది. బరువు ఎక్కువైంది. అంతా నా కళ్ల ముందే జరిగింది. చెయ్యి ఊపడం తప్ప నేను చేయగలిగింది లేకపోయింది. కానీ ఒకందుకు పోవడమే మంచిదైంది. తోటల పెద్దాయనకు కబురు చేశాను. ఆయన మనుషులే వచ్చి కొండ మీదికి మోసుకుపోతారు. నేనిక్కడే ఉండిపోయాను, మళ్లీ విమానం నాలుగు రోజులకు గాని లేదు.

నిశ్చింతగా ఉన్న
మీ బావమరిది

తా.క.: ఇక్కడ గదిలో మంచం ఎంత మెత్తగా ఉందో! మోటారు లేదు కదా, హాయిగా కాళ్లు చాపుకుని పడుకున్నాను.

*

ఒరే,

దీవెనలు తర్వాత.

పోవడమే మంచిదైందా? మోటారు కళ్ల ముందు పోతే చెయ్యి ఊపుతావా? వైండింగు కాలిందా, బేరింగు పట్టేసిందా, ఒక్క ముక్క రాయలేదు! పైగా కొనేవాళ్ల చేతే మోయిస్తావా? అది మోటారా, శవమా?

విడిభాగాలు సర్దుతున్నాను. నువ్వు కదలకు, మెదలకు, నాకు జవాబు కూడా రాయకు. నీ ఉత్తరం ఇంకొక్కటి చదివితే నా వైండింగు కాలుతుంది.

నిద్ర లేని
బావ

తా.క.: కాళ్లు చాపుకున్నాడట, కాళ్లు!

*

బావగారికి,

రాయొద్దన్నారని నాలుగు రోజులు నోరు కుట్టుకున్నాను. ఇక నావల్ల కాదు.

పోయింది అంటే వెళ్లిపోయింది అని బావా! కాలిపోలేదు, ఎగిరిపోయింది. ఈ విమానం మన షేర్ ఆటోకు అన్నయ్య అంత ఉంటుంది. సామానుతో పాటు మనుషుల్నీ కాటా ఎక్కిస్తారు. కాటా దగ్గర అమ్మాయి నన్నూ మోటారునూ చూసి, "మీ ఇద్దరిలో ఒక్కరే" అంది. నీళ్లు ఎక్కించేది మోటారు గాని నేను కాదుగా! నా సీటు దానికిచ్చాను. కిటికీ పక్కన కూర్చోబెట్టి బెల్టు కూడా పెట్టారు. విడిభాగాల పార్సిలు పంపకండి.

ఇవాళ నేను వెళ్లాల్సింది. ఈసారి ఈ చిన్న విమానం రాజధాని నుంచే బయల్దేరి వచ్చి ఇక్కడ కాసేపు ఆగింది. తీరా చూస్తే, రాజధానిలోనే ఎవడో "ప్రాణం మీదికొచ్చింది" అని కాళ్లావేళ్లా పడి నా సీటు ఎక్కేశాడట! అద్దంలోంచి చూశాను. ముఖం మీద తువ్వాలు కప్పుకుని బొమ్మలా కూర్చున్నాడు. అలాంటివాడికి జన్మలో మోటారు నీళ్లు అందకూడదు.

అయినా ధైర్యంగా ఉన్న
మీ బావమరిది

తా.క.: కాటా మీద నా బరువు మైకులో చదివారు. వెనక ఉన్నాయన "అయ్యో పాపం" అన్నాడు.

*

చిరంజీవి బావమరిదికి,

కొండ మీది నుంచి బావ దీవెనలు.

ఆ తువ్వాలు నాదే.

మోటారు పోయిందన్న నీ ఉత్తరం చూసి మీ అక్క నా చేతికి పెట్టె ఇచ్చి, గుమ్మం దాటించి, తలుపేసింది. విమానం మధ్యలో ఎక్కడో ఆగిందని తెలుసు. అది ఏ ఊరో చూడటానికి కళ్లు తెరవాలి కదా. తెరవలేదు.

పెద్దాయన మనుషులు జీపు ఎక్కించుకున్నారు. దారి పొడుగునా ఆయనకు క్షమాపణ ఎలా చెప్పాలా అని లోపల్లోపల వల్లె వేసుకున్నాను. జీపు ఆగేసరికి నీళ్ల చప్పుడు! పై తోట కాలువలో నీళ్లు పరుగెడుతున్నాయి. చెప్పులు విడిచి మోకాళ్ల దాకా దిగి నిలబడ్డాను. ఏడ్చానని మీ అక్కకు చెప్పకు, ముఖం మీద నీళ్లు చిందాయి.

పెద్దాయన ఏమన్నాడో తెలుసా? "అన్ని కంపెనీలూ మనుషుల్ని పంపాయి, వాళ్లు మాట్లాడారు గాని మోటార్లు నడవలేదు. మీరు మోటారును పంపారు. మావాళ్లే బిగించుకున్నారు, నడిచింది" అన్నాడు. నేను "అదే మా పద్ధతి" అన్నాను. తొణకలేదు, బెణకలేదు. కొండల మీది తోటలన్నిటికీ ఆర్డరు ఇచ్చాడు. రెండో షెడ్డులోకి కొత్త లేత్ దించమని గుమాస్తాకు కబురు పెట్టాను.

మోటారు నీళ్లు అందకూడదని శపించావుగా. పొద్దుటి నుంచి అవే తాగుతున్నాను.

ఎగిరి చూసిన
మీ బావ

తా.క.: మోటార్లన్నీ రేవు పట్నం నుంచి ఆ విమానంలోనే రావాలి. ఒక్కో విడతకు ఒక్కటే ఎక్కుతుందట. కాటా దగ్గర నువ్వే ఉండి ఎక్కించు. కడుపునిండా తిను, మొహమాటపడకు. నువ్వెలాగూ ఎక్కడం లేదు.