కుడికాలు ముందుగా వస్తోంది

తమ్ముడు గవ్రిలాకు, అన్న తొవాదెర్ క్లుజ్ ఆసుపత్రి నుంచి. నా ప్రాణానికి భయం లేదు, కుడికాలు మాత్రం దక్కదు.

మోకాలి వెనక కోడిగుడ్డంత ముద్ద ఎన్నాళ్లుగానో కొట్టుకునేది కదా, అది రక్తనాళం ఉబ్బట. అందులో రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోయింది. కాలు చల్లబడితే చలికేమో అనుకుని గొర్రెకొవ్వు రాసి, ఉన్ని చుట్టి, పొయ్యి పక్కన కూర్చున్నాను. అక్కడే ఆలస్యమైంది.

కోయనివ్వనని డాక్టరమ్మ మీద అరిచాను. ఆమె దుప్పటి తీసి, "నన్ను నమ్మకు తాతా. ఇది నీ గొర్రె కాలనుకుని పట్టి చూడు" అంది. పట్టి చూశాను. పిక్క కర్రలా బిగిసింది, వేళ్లు కదల్లేదు, గిల్లినా తెలియలేదు.

"మళ్లీ రక్తం పారిస్తే?" అన్నాను.

"చచ్చిన కండలోని విషం గుండెకెక్కుతుంది."

"అయితే కొయ్యి, ఇంకా మాటలెందుకు?" అన్నాను. రేపు తొడ దగ్గర తీసేస్తారు.

ఎడమకాల్లోనూ అలాంటి ఉబ్బే ఉందట, దాన్ని తర్వాత బాగుచేస్తారు. ఇది అన్నదమ్ములకూ ఉండొచ్చట, ఈ కార్డు చదవగానే నీ మోకాళ్ల వెనక చెయ్యి పెట్టి చూసుకో. ముద్ద కొట్టుకుంటుంటే మందను బావకు అప్పజెప్పి బస్సెక్కు. పౌరుషానికి పోకు, నేను పోయింది చాలు.

కాలు పెట్టెలో వస్తుంది. అమ్మ పక్కన నాకు ఉంచిన చోట్లోనే పాతిపెట్టించి, ఫాదర్ చేత ప్రార్థన చెప్పించు. చిన్న కొవ్వొత్తి చాలు. మీ వదినను గొయ్యి దగ్గరికి రానివ్వకు, ఏడుస్తుంది. పిల్లలకు నా దీవెనలు.

కుడి బూటు కూడా ఆ పెట్టెలోనే వెయ్యి. ఎడమది తుడిచి ఉంచు, ఇంటికొచ్చాక కావాలి.