గొంతుకు దీవెన

బుడాపెస్ట్,
2014 జనవరి 26, ఆదివారం.

చిరంజీవి బలాజ్‌కు,

అక్క పిరోష్కా ఆశీస్సులు. దేవుడి దయతో ఇక్కడ రోజులు గడుస్తున్నాయి. డబ్లిన్‌లో నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను.

ఫిబ్రవరి 3, సోమవారం నీ పేరుగల సెయింట్ బలాజ్ రోజు. ఆ రోజు కూడా అక్క ఫోన్‌లో నోరు విప్పకపోతే ఇక జన్మలో చేయనని అన్నావట. గిజెల్లా పిన్ని చెప్పింది. అందుకే ఈ ఉత్తరం.

నిజమే, నిన్ను అంత మాట అన్నది నేనే. మన మాలేవ్ విమాన సంస్థ మూతపడటానికి ఆరు నెలల ముందే నువ్వు దాన్ని వదిలి డబ్లిన్‌లో మెకానిక్ పని చూసుకున్నావు. నాన్న ముప్పై ఏళ్లు తుపొలేవ్ విమానాల కింద పడుకుని గ్రీజు పూసుకున్న చోటు కదా అని నా బాధ. వదిలి పోయేవాడికి ఇంటి ఫోన్ నంబరెందుకన్నాను. నువ్వు తలొంచుకుని సంచీ ఎత్తుకున్నావు.

రెండేళ్ల కిందట మాలేవ్ ఆగిపోయిందీ సెయింట్ బలాజ్ రోజే. పనికి ముందు, ఏటా లాగే, చర్చికి వెళ్లాను. గొంతుకు ఏ జబ్బూ రాకుండా కాచేది ఆ సెయింటే కదా, ఫాదర్ రెండు కొవ్వొత్తులు నా గొంతుకు ఆనించి దీవించారు. విమానాశ్రయం మైకులో ప్రయాణికుల్ని విమానాలకు పిలిచేదాన్ని. ఇరవై ఎనిమిదేళ్లు ఆ దీవెన తప్పలేదు. విమానాశ్రయం చేరేసరికి కౌంటర్లోని సిలార్డ్, దీవెన దండగ చేసుకున్నావే పిరోష్కా, తెల్లారేసరికి అన్నీ ఆగిపోయాయి, ఇంకెవర్ని పిలుస్తావు అన్నాడు. నవ్వబోయి ఏడ్చేశాడు.

అరవై ఆరేళ్ల సంస్థ. ఈ రోజు మన విమానాలేవీ బయలుదేరవని నాలుగు భాషల్లో చెప్పాను. గొంతు వణకలేదు. నీది తప్పు కాదని ఆ మైకు ముందే అర్థమైంది. నీకు చెప్పడానికే రెండేళ్లు పట్టింది. క్షమించు.

ఇప్పటికీ ఇంటి మీదుగా విమానం పోతే గేటు నంబరు మనసులో చదువుకుంటాను. ఆదివారం వండిన కోడి సూపు బుధవారం దాకా తాగుతాను.

క్రిస్మస్‌కు నువ్వు చేసినప్పుడు ఫోనెత్తాను. అక్కా, పోనీ ఒక్క తిట్టయినా తిట్టు అన్నావు. అంతా విన్నాను.

సోమవారం ఉదయం ఎనిమిదికి చెయ్యి. ఈసారీ కొవ్వొత్తులు ఆనించుకునే ఇంటికి వస్తాను.

నీ కోసం రోజూ ప్రార్థించే
అక్క,
పిరోష్కా

తా.క.: పలకనిది కోపంతో కాదు నాన్నా. గొంతులో గడ్డ అని అక్టోబరులో స్వరపేటిక తీసేశారు. పని వదిలేసి పరుగెత్తుకొస్తావని, నీకు చెప్పొద్దని పిన్ని చేత ఒట్టు వేయించుకున్నాను. సోమవారం ఫోనెత్తి గ్లాసు మీద చెంచాతో రెండుసార్లు కొడతాను, మైకులో ప్రకటనకు ముందు మోగే గంటలాగే. తర్వాత నువ్వు మాట్లాడు.