చక్రం ముందు నిమ్మకాయ

నాయనా,

నీ సంవత్సరీకం అయిపోయింది. ఇక గుడికి వెళ్లొచ్చు కనుక, నువ్వు మంచమూ స్టవ్వూ బిగించుకున్న పాత వ్యానులోనే కాణిపాకం పోదామంది అమ్మ. వెనక బ్రేకు షూలు అరిగిపోయాయి. వీడియోలు చూసుకుంటూ నేనే మార్చాను, ఆయిలు గొట్టాల్లో గాలీ తీశాను. తీశాననే అనుకున్నాను. పెడలు తొక్కినప్పుడల్లా గొట్టంలో ఎక్కడో ఓ గాలి బుడగ మిగిలి, బ్రేకు పట్టదేమోనని అనుమానం. దిగాల్సింది భాకరాపేట ఘాటు రోడ్డు మరి.

వాకిట్లో నిమ్మకాయ పెట్టాను. అందరూ దాన్ని చక్రంతో తొక్కించి బయల్దేరతారు. బ్రేకులు బాగుచేసిన రోజు నువ్వు మాత్రం ముందు దాని దగ్గర ఆపి చూపించేవాడివి. నేనూ అలాగే చేయబోతుంటే అమ్మ వెళ్లి నిమ్మకాయకు అవతల నిలబడింది.

"పక్కకు జరగమ్మా!"

"నేనీడే ఉంటా. నువ్వు రా పాపా, ఏం కాదులే."

బండి ముందుకు పోనిచ్చి బ్రేకు తొక్కాను. వ్యాను నిమ్మకాయకు బెత్తెడు దూరంలో ఆగింది. అమ్మ నవ్వుతూ దాన్ని తీసుకుని నా పక్కన ఎక్కింది. "మీ నాయనా ఇంత దగ్గిరికే తెచ్చి ఆపుతా ఉండె."

ఘాటులో మలుపు మలుపుకూ నాకు చెమటలు పట్టాయి. "బయపడాకు, మెల్లిగా పో" అని అమ్మ నిబ్బరంగా చెబుతూనే ఉంది.

కిందికి వచ్చి బండి ఆపాక, అమ్మ గుప్పిట విప్పింది. నిమ్మకాయ పిప్పి అయిపోయి ఉంది.