కోలుకున్నవారి జాబితా

జూన్ 4, మంగళవారం

డీఅడిక్షన్ సెంటర్ ఫైలు ఇవాళ నా టేబుల్ మీదికి వచ్చింది. ఆరోగ్య విభాగం గుమాస్తా సెలవులో ఉన్నాడు. కౌన్సిల్ సెక్షన్ నీదే కదా, మీటింగులో పెట్టేదాకా నువ్వే చూసుకో అన్నారు కామా గారు. కామా గారంటే మా సూపరింటెండెంట్. ఏ నోట్ రాసిచ్చినా చదవరు. రెండు కామాలు చేర్చి వెనక్కి పంపుతారు.

విషయం చిన్నదే. సెంటర్‌కి మునిసిపాలిటీ ఇచ్చే గ్రాంటు జూలై 31తో ఆఖరు. కౌన్సిల్ తీర్మానం చేస్తేనే మళ్ళీ వస్తుంది. లేకపోతే తాళం.

ఫైలు విప్పగానే బిల్డింగు ఫొటో. మేడ మీద మూడో కిటికీ. ఆ కిటికీ పక్క మంచం మీద ఆరేళ్ళ కిందట యాభై రెండు రోజులు పడుకున్నాను. ఆఫీసులో ఎవరికీ తెలియదు. కామెర్లని సెలవు పెట్టాను. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. దానికి ట్రైనింగ్ అని చెప్పాం.

ఫొటో బోర్లించి పెట్టి నోట్ రాయడం మొదలుపెట్టాను.

జూన్ 11, మంగళవారం

పెద్ద సిస్టర్ వచ్చింది. సెంటర్ ఆవిడ చేతుల మీదే నడుస్తుంది. ఎదురుగా కూర్చుని, గుమాస్తా గారూ, మా ఫైలు ఎంతవరకు వచ్చిందండీ అని అడిగింది. నా వాంతులు ఎత్తిన మనిషి. నా చేతులు వణుకుతుంటే చెంచాతో నీళ్ళు పట్టిన మనిషి. ముఖంలో ఒక్క గీత కదల్లేదు. నన్ను మొదటిసారి చూస్తున్నట్టే మాట్లాడింది.

పన్నెండు మంచాల్లో ఆరే వాడుతున్నారట. కాంట్రాక్టు నర్సులిద్దరూ జీతాలు రాక వెళ్ళిపోయారు. మిగతా ఆరు పరుపులూ చుట్టి గోడకి ఆనించారు. డాక్టరు వారానికి రెండు పూటలు. మందు మానాలని వచ్చేవాళ్ళకీ, నిద్రపట్టక, బతకాలనిపించక వచ్చేవాళ్ళకీ అదే డాక్టరు, అవే రెండు పూటలు. వెయిటింగ్ లిస్టులో ముప్పై ఏడు మంది.

లేచి వెళ్తూ, ఇంట్లో అంతా కులాసానా అండీ అంది. ఎవరినైనా అడిగేటట్టే అడిగింది. కులాసానే అన్నాను. ఆవిడ అడిగింది ఇంటి సంగతి కాదని ఇద్దరికీ తెలుసు.

జూన్ 14, శుక్రవారం

నోట్ వెనక్కి వచ్చింది. రెండు కామాలు.

జూన్ 18, మంగళవారం

ఆడిట్ వాళ్ళ అభ్యంతరం. ఇన్నేళ్ళు గ్రాంటు తీసుకున్నందుకు ఫలితం చూపించాలట. కోలుకున్నవారి జాబితా కావాలట. పేర్లు, చిరునామాలు, సంతకాలు.

సిస్టర్‌కి ఫోన్ చేసి చెప్పాను. ఇవ్వలేనండీ అంది. పేరు బయటికి రాదని మాటిస్తేనే వాళ్ళు గుమ్మం ఎక్కారు, ఇప్పుడు నేనే వీధిలో పెట్టనా అంది. అదే కామా గారికి చెప్పాను. పేర్లు లేనిదే ఫలితం లేదయ్యా, ఫలితం లేనిదే ఫండ్స్ లేవు అన్నారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

అసలు కోలుకున్నవాడు సంతకం పెట్టడానికి ఎందుకొస్తాడు? ఎవరి కంటా పడకుండా పదింటికి ఆఫీసుకొచ్చి, తల వంచుకుని పని చేసుకుంటూ ఉంటాడు.

జూన్ 25, మంగళవారం

అమ్మాయి యూనిఫాం తీసుకోవడానికి టైలర్ దగ్గరికి వెళ్ళాను. సెంటర్‌లో అతనిది నా పక్క మంచం. నాలుగేళ్ళు ముట్టుకోలేదు. తమ్ముడు పోయాక మళ్ళీ మొదలుపెట్టాడు. యూనిఫాం జేబు వంకరగా కుట్టాడు. అతనికీ తెలుసు, విప్పి మళ్ళీ కుడతానన్నాడు. సూదిలో దారం ఎక్కించడానికి ఎనిమిదిసార్లు ప్రయత్నించాడు. చివరికి నేను ఎక్కించి ఇచ్చాను.

వెయిటింగ్ లిస్టులో అతనిది ఇరవై నాలుగో నంబరు. సినిమా టికెట్టయితే బ్లాకులో అయినా కొనుక్కునేవాణ్ణి గురూ, దీనికి ఆ దారీ లేదు అన్నాడు.

జూలై 1, సోమవారం

మూడో వార్డు మెంబర్ మా సెక్షన్‌కి వచ్చాడు. ఎజెండాలో సెంటర్ ఐటెం చూశాడు. తాగినవాళ్ళకి మంచాలేంటండీ, మా వీధుల్లో దీపాలే లేవు, వాళ్ళని ఎవరు తాగమన్నారు అన్నాడు. చెడ్డవాడు కాదు. మొన్న వానలకి డ్రైనేజీ పొంగితే మోకాలి లోతు నీళ్ళలో నిలబడి పని చేయించాడు. దీపాలు లేవన్నదీ నిజమే. 

బాగుపడినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి, నేనే ముందు చెయ్యెత్తుతాను, అలాంటివాడు ఉంటే కదా అన్నాడు. కామా గారు నవ్వారు. 

నేనూ నవ్వాను. రాసుకోవాలి కాబట్టి రాస్తున్నాను.

జూలై 5, శుక్రవారం, మధ్యాహ్నం 3.10

ఆఫీసులోనే రాస్తున్నాను. 

టైలర్‌కి పొద్దున దుకాణంలో ఫిట్స్ వచ్చాయి. మంచం దొరికేలా లేదని మూడు రోజుల కిందట తనంతట తనే మానేశాడట. మిషన్ అంచు తగిలి నుదురు చీలింది. కబురొస్తే నేనూ పరిగెత్తాను. పెద్దాసుపత్రిలో ఏడు కుట్లు వేసి, ఇలాంటివి మేం చూడం, సెంటర్‌కి తీసుకెళ్ళండి అన్నారు. సెంటర్‌లో చూస్తే ఇప్పుడతనిది ఇరవై ఒకటో నంబరు. పది రోజుల్లో మూడు అంకెలు జరిగాయి.

సిస్టర్ చుట్టిపెట్టిన పరుపు ఒకటి తనే మోసుకొచ్చి పరిచింది. నర్సు లేదు కదా అన్నాను. నేను లేనా అంది. ఏళ్ళ తరబడి తాగినవాడు ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికి వస్తుంది, ఇది ఇంట్లో కూర్చుని చేసే పని కాదు అని మీ ఆఫీసులో ఎవరైనా ఒక ముక్క రాయండి బాబూ అంది. మొదటిసారి నన్ను బాబూ అంది. గుమాస్తా గారూ అనడం మర్చిపోయింది.

రాశాను. నాలుగు లైన్ల నోట్. కామా గారు ఇది వైద్య విషయం, మన పరిధి కాదు అని కొట్టేశారు.

జూలై 9, మంగళవారం

మీటింగులో చెప్పేద్దామనుకుంటున్నాను అని మా ఆవిడతో అన్నాను. ఆరిన బట్టలు మడత పెడుతోంది. పెట్టిన మడతే విప్పి మళ్ళీ పెట్టింది. నాకు సిగ్గేం లేదండీ, భయం అంది. నలుగురూ నాలుగు మాటలంటే మీరు తట్టుకుంటారా, తట్టుకోలేక మళ్ళీ అటు వెళ్తే ఈసారి నా వల్ల కాదు అంది. ఆరేళ్ళుగా నేను ఇంట్లో అడుగు పెట్టగానే దగ్గరికొచ్చి సంచి అందుకుంటుంది. సంచి కోసం కాదని నాకు తెలుసు, ఊపిరి వాసన కోసం. ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

చివరికి, మీ ఇష్టం, కానీ అమ్మాయికి ముందు చెప్పండి అంది. 

చెప్తానన్నాను.

జూలై 10, బుధవారం

చెప్పలేదు. దానికి రేపు లెక్కల పరీక్ష. ఇది సాకేనని తెలుసు.

జూలై 11, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పద్నాలుగో ఐటెం వచ్చేసరికి సగం మంది మెంబర్లు ఆవలిస్తున్నారు. నేను చివరి కుర్చీలో మినిట్స్ పుస్తకం పట్టుకుని ఉన్నాను. చైర్‌పర్సన్ గారు ఐటెం చదివారు. జాబితా జతపరచలేదని కామా గారు లేచి చెప్పారు. మూడో వార్డు మెంబర్ తన మాట మళ్ళీ అన్నాడు, చూపించండి ఒక్కణ్ణి అని. అందరూ సిస్టర్ వైపు తిరిగారు. ఆవిడ గోడవార బెంచీ మీద ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుంది. మాటిచ్చానండీ, పేర్లు చెప్పను అంది. అంతే, తల వంచుకుంది. ఆవిడకి తెలిసిన పేర్లలో ఒకటి పదడుగుల దూరంలో ఉంది. ఆవిడ నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను లేచేవాణ్ణి కాదేమో.

లేచాను. మంచినీళ్ళ కోసమేమోనని కామా గారు గ్లాసు ఇటు జరిపారు. నేనండీ అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. చూపించమన్నారు కదా, నేనేనండీ అన్నాను. ఆరేళ్ళ కిందట నాకొచ్చింది కామెర్లు కాదని చెప్పాను. పొద్దున లేవగానే బాత్రూములో దాచుకున్న సీసా లేకపోతే చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయేవాణ్ణని చెప్పాను. ఈ ఆఫీసులోనే, ఇదే పుస్తకంలో, తాగి మినిట్స్ రాసిన రోజులున్నాయని చెప్పాను. ఇవాళ సెంటర్‌లో నుదుట ఏడు కుట్లతో ఒకాయన ఉన్నాడు, నాకు వేళకి దొరికిన మంచం ఈసారి ఆయనకి దొరకలేదు, మా ఇద్దరికీ అదే తేడా అన్నాను. కూర్చున్నాను.

చప్పట్లు కొట్టారు. అందరూ. మూడో వార్డు మెంబర్ వచ్చి గట్టిగా వాటేసుకుని, ఎంత ధైర్యం తమ్ముడూ అన్నాడు. కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. పేపరతను ఫొటో తీశాడు. గెలిచామనుకున్నాను. 

తరవాత తీర్మానం చేశారు. ఈ సోదరుడి స్ఫూర్తితో అన్ని వార్డుల్లోనూ అవగాహన హోర్డింగులు పెట్టాలి. ఈ ఏటి నిధులు దానికి మళ్ళించాలి. సెంటర్ గ్రాంటు సంగతి వచ్చే సమావేశంలో పరిశీలించాలి. ఏకగ్రీవం. చెయ్యెత్తుతానన్న మెంబర్ అన్నమాట ప్రకారం అందరికంటే ముందు ఎత్తాడు, హోర్డింగులకి. వచ్చే సమావేశం సెప్టెంబరులో. సెంటర్ ఆయుష్షు జూలై 31 వరకు.

అదంతా నా చేత్తోనే రాయాల్సి వచ్చింది. ఒక లబ్ధిదారు మాట్లాడారు. సభ్యులు అభినందించారు. కామా గారు చూసి, లబ్ధిదారు తరవాత కామా పెట్టమన్నారు.

పెట్టాను.

జూలై 12, శుక్రవారం

పేపర్లో ఫొటో వచ్చింది. స్కూల్లో ఎవరో చూపించారట. సాయంత్రం అమ్మాయి పుస్తకాల సంచి దించకుండానే నా ముందు నిలబడింది. ట్రైనింగ్ కాదని నాకు అప్పుడే తెలుసు నాన్నా అంది. ట్రైనింగ్‌కి వెళ్ళొచ్చినవాళ్ళు భోజనం చేస్తూ ఏడవరు అంది. ఎనిమిదేళ్ళ పిల్లకి ఏం తెలుస్తుందిలే అనుకున్నాం మేమిద్దరం.

కోపం తాగినందుకు కాదట. నాకంటే ముందు ఊళ్ళో వాళ్ళందరికీ చెప్పావు అంది. 

తప్పయింది అన్నాను. అది కుర్చీ లాక్కుని కూర్చుని, అయితే ఇప్పుడు నాకు చెప్పు, మొదటినుంచీ అంది. చెప్పాను. అన్నీ కాదు. చాలావరకు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి వింది, మధ్యలో రెండు చోట్ల నన్ను సరిదిద్దింది.

జూలై 16, మంగళవారం

నేను టీకి వెళ్ళినప్పుడు కామా గారు నా సొరుగు తెరిచి చూశారట. క్యాషియర్ చెప్పాడు. చెప్తూ నాకు ఒకడుగు దగ్గరగా వచ్చి గాలి పీల్చాడు.

జూలై 19, శుక్రవారం

మూడో వార్డు మెంబర్ ఫోన్. హోర్డింగు మీద నా ఫొటో వేస్తారట. సెంటర్ తెరిచి ఉంచితే వేసుకోండి, ఎంత పెద్దదైనా వేసుకోండి అన్నాను. అది పాలసీ మేటర్ తమ్ముడూ, మన చేతుల్లో ఏముంది అన్నాడు. అయితే వెయ్యొద్దన్నాను. సరే అన్నాడు. సరే అన్న తీరు నాకు నచ్చలేదు.

జూలై 31, బుధవారం

సాయంత్రం నాలుగింటికి మూసేశారు.

ఏడుగురికి పదేసి రోజుల మాత్రలు కాగితం పొట్లాల్లో కట్టి ఇచ్చింది సిస్టర్. ఒక్కొక్కరికీ రెండేసిసార్లు చెప్పింది, పొద్దున ఏది, రాత్రి ఏది అని. తరవాత తాళం వేసి, చెవి నాకిచ్చి, రసీదు రాయండి గుమాస్తా గారూ అంది. ఆవిడని రేపటినుంచి టీకాల డ్యూటీకి వేశారు. కోపంగా ఉందా అని అడిగాను. కోపం ఎందుకుండదూ, కానీ దానితో ఏం వండుకుంటాను అంది.

టైలర్ సెంటర్‌లో ఇరవై ఆరు రోజులు నిలబడ్డాడు. నుదుటి కుట్లు విప్పేశారు. ఇంటికెళ్ళి ఒక్కణ్ణీ కూర్చుంటే నా మీద నాకు నమ్మకం లేదు గురూ అన్నాడు. ఆదివారాలు దుకాణం షట్టర్ సగం దించి కూర్చుందామన్నాను. వింటున్న మరో ఇద్దరు మేమూ రావచ్చా అన్నారు. డాక్టరు లేడు, మందులు లేవు, ఉత్త కబుర్లే అని ముందే చెప్పాను. దీన్ని చికిత్స అని ఎవరైనా అంటే చెంప పగలగొట్టాలి. అయినా వస్తామన్నారు.

ఆగస్టు 8, గురువారం

హోర్డింగు వేశారు. కూడలిలో, సిగ్నల్ దగ్గర. మీటింగులో తీసిన ఫొటో, నోరు తెరిచి ఉన్నాను. నేను మారాను, మీరూ మారండి అని రాసి ఉంది. మూల మెంబర్ ఫొటో, నా తలకంటే పెద్దది. కింద, ఉచిత చికిత్సకు సంప్రదించండి అని సెంటర్ అడ్రసు, ఫోన్ నంబరు.

ఆ ఫోన్ తాళం వేసిన గదిలో ఉంది. 

ఆఫీసుకెళ్ళి అడ్రసైనా తీయించండి అని నోట్ పెట్టాను. ప్రింటైపోయాక ఏం చేస్తాం, అయినా సెప్టెంబరులో పరిశీలిస్తారుగా అన్నారు కామా గారు. ఆయన కామా పెట్టేలోపే ఆ నోట్ తీసుకుని నేనే చింపేశాను. ఉద్యోగంలో చేరాక ఆఫీసు కాగితం చింపడం ఇదే మొదలు. ఆయన పెన్ను పట్టుకుని అలాగే చూశారు.

అమ్మాయి స్కూలు బస్సులోంచి హోర్డింగు చూసిందట. నోరు మూసుకున్న ఫొటో ఒక్కటీ దొరకలేదా నాన్నా అంది. ముగ్గురం నవ్వాం. తరవాత మా ఆవిడ నవ్వు ఆపి లోపలికెళ్ళిపోయింది.

ఆగస్టు 20, మంగళవారం

కూడలిలో హోర్డింగు కింద ఒకతను సైకిలు ఆపి, అరచేతి మీద అడ్రసు రాసుకుంటున్నాడు. పెన్ను నిలవడం లేదు. మూసేశారండీ, తాళం ఉంది అన్నాను. పెన్ను జేబులో పెట్టుకున్నాడు. కదల్లేదు.

పెద్దాసుపత్రి ఔట్‌పేషెంట్‌కి వెళ్దాం, పంపించేస్తామన్నా కదలకుండా కూర్చుందాం, నాకు ఇవాళ సెలవు ఉంది అన్నాను. సెలవు లేదు. సైకిలు నేను పట్టుకున్నాను. సగం దూరం వెళ్ళాక వెనక్కి తిరిగి హోర్డింగు వైపు చూసి, ఆయన నిజంగా మానేశాడంటారా అని అడిగాడు. నన్ను పోల్చుకోలేదు.

ఇవాళ్టికి మానేశాడు అన్నాను.